తాడోబా ప్లాన్: ముందు నీళ్ళు, తర్వాతే పులి

మార్చి నెల. రాత్రి అన్నాలయ్యాయి. హైదరాబాదులో మీ ఇంట్లో భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. మహారాష్ట్ర అటవీ శాఖ బుకింగ్ పేజీలో చంద్రపూర్ దగ్గరి పులుల అడవి తాడోబా, దాని కోర్ అనే లోపలి భాగానికి మే నెల గళ్ళు. శని, ఆదివారాలు అప్పుడే నిండిపోవస్తున్నాయి. మంగళవారాలు ఎక్కడ నొక్కినా తెరుచుకోవు. ఆ రోజు కోర్ అడవికి సెలవు.

మీ నాన్న కళ్ళజోడు సర్దుకుని తెరలోకి వంగుతాడు. మంచిర్యాల మనిషి, సింగరేణిలో చేసి రిటైరైనవాడు.

"మే నెలల చంద్రపూర్‌కా? పైసలిచ్చి ఎండల కూసుంటరా ఎవరన్న, బిడ్డా?"

చంద్రపూర్‌లో మే నెల ఎండ 46 డిగ్రీలు దాటడం మామూలే. టాపు లేని జిప్సీలో మధ్యాహ్నం మూడింటికి కూర్చోవడమంటే ఆషామాషీ కాదు. అయినా ఆ గళ్ళు నిండుతున్నాయంటే కారణం నీళ్ళు. వానలు వెళ్ళిన కొత్తలో, అక్టోబరులోనో నవంబరులోనో వెళితే అడవి కళ్ళకు పండుగే. కానీ అప్పుడు ప్రతి గుంటలోనూ నీళ్ళుంటాయి, గడ్డి నడుము దాకా ఉంటుంది. పులి ఎక్కడైనా తాగుతుంది, ఎక్కడైనా పడుకుంటుంది, పది గజాల దూరంలో ఉన్నా మీకు కనిపించదు. మే నాటికి వాగులు ఎండిపోతాయి. టేకు ఆకంతా రాలిపోయి అడవి లోపలి దాకా కనిపిస్తుంది. మిగిలే నీటి మడుగులు కొన్నే. పులి వేడికి ఓర్వలేదు, గంటల తరబడి నీళ్ళలో కూర్చుంటుంది. అది ఎక్కడ కూర్చుంటుందో డ్రైవర్లకు తెలుసు, గైడ్లకు తెలుసు, ఈ గళ్ళు నింపుతున్న వాళ్ళకూ తెలుసు.

"అయితే మనం పులి దగ్గరికి పోవట్లేదు తాతా, దాని స్నానం దగ్గరికి పోతున్నాం," అంటుంది మీ అమ్మాయి.

తాత నవ్వి ఒప్పుకున్నాడు. ఇక గేటు.

తాడోబాకు గేట్లు చాలా ఉన్నాయి. కోర్‌కు మోహర్లీ, కోలారా, నవేగావ్, ఖుట్వండా, ఝరీ, పాంగ్డీ. చుట్టూ ఉన్న బఫర్ అడవికి గేట్లు వేరే. మ్యాపులో అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి గానీ, ఒక గేటు దగ్గర గది తీసుకుని ఇంకో గేటుకు సఫారీ బుక్ చేశారంటే తెల్లవారుజామున చీకట్లో గంటల కొద్దీ రోడ్డు మీదే గడుస్తుంది. కోలారా, నవేగావ్ ఉత్తరాన ఉన్నాయి, నాగపూర్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు అనువు. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు మోహర్లీయే దగ్గర, చంద్రపూర్ స్టేషను నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఝరీ, పాంగ్డీ వైపు కోల్సా అడవి చిక్కన, బళ్ళు తక్కువ. రెండోసారి వెళ్ళేవాళ్ళకు నేనైతే అదే చెబుతాను. మొదటిసారికి మోహర్లీ చాలు.

ఒక్క సఫారీ కోసం ఇంత దూరం పోవడం శుద్ధ దండగ. ఒక పూట అడవి మూగగా ఉంటుంది, ఇంకో పూట నోరు విప్పుతుంది. ఏది ఏ పూటో బుకింగ్ పేజీ చెప్పదు. మీరు కోర్‌లో ఒక ఉదయం, అదే రోజు మధ్యాహ్నం, మర్నాడు పొద్దున అగర్‌ఝరీ వైపు బఫర్‌లో ఒకటి తీసుకుంటారు. జిప్సీలో ఆరుగురు పడతారు, మీరు ముగ్గురే. పేర్లు టైపు చేసేటప్పుడు నాన్న ఆధార్ కార్డు తెప్పించి ఒక్కో అక్షరం చూసి కొడతారు. గేటు దగ్గర కార్డులో ఉన్న పేరే పర్మిట్‌లోనూ ఉండాలి. ఇంటిపేరు ముందుందా వెనకుందా అని అక్కడ వాదించుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

మే రెండో వారం. 2024లో మొదలైన వందే భారత్‌ను మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎక్కితే సాయంత్రానికి చంద్రపూర్. కాజీపేట, రామగుండం దాటాక నాన్న కిటికీ వదలడు. బెల్లంపల్లి, కాగజ్‌నగర్, సిర్పూర్. ఇటువైపు అడవి పలచబడుతూ, మళ్ళీ చిక్కబడుతూ రైలు వెంటే వస్తుంది. మనం టికెట్ కొని వెళుతున్న దారికి ఎదురుగా పులులు టికెట్ లేకుండా వస్తుంటాయి. చంద్రపూర్ అడవుల్లో చోటు చాలని పులులు నదులు దాటి ఆసిఫాబాద్ జిల్లాలోకి దిగుతాయి. ఫాల్గుణ అని పేరు పడ్డ ఆడపులి కాగజ్‌నగర్ అడవిలో స్థిరపడి పిల్లల్ని పెట్టింది కూడా. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్‌కు ఆశంతా ఈ దారి మీదే.

వార్ధా నది వంతెన దాటగానే బల్లార్షా. ప్లాట్‌ఫారం మీద ఎవరో ఎవరినో తెలుగులో తిడుతున్నారు. బొగ్గు గనులకు, పేపరు మిల్లుకు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళ ఊరు ఇది. "మనోళ్ళే," అంటాడు నాన్న, తిట్టు వినగానే.

చంద్రపూర్ నుంచి మోహర్లీ దారి అడవి దారిలా మొదలవదు. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, బొగ్గు లారీలు, ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిదిబ్బలు. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద నల్లని దుమ్ము. నాన్నకు ఇది సొంత ఊరిలాగే ఉంది. ఏ దిబ్బ ఎన్నేళ్ళ పాతదో తుమ్మ మొలకలు చూసి చెబుతున్నాడు. పద్మాపూర్ చెక్‌పోస్టు దాటాక ఒక్కసారిగా చప్పుడు ఆగిపోతుంది. కారు అద్దం దించితే వేడిగాలిలో ఎండుటాకు వాసన. ఎడమ పక్క చెట్ల సందుల్లోంచి ఇరై జలాశయం మెరుస్తుంది. ఆ నీళ్ళే థర్మల్ కేంద్రాన్ని నడుపుతున్నాయి, ఈ అడవి అంచును తడుపుతున్నాయి. ఇక్కడ నీటికి పోటీ జంతువుల మధ్యే కాదు.

తెల్లవారుజాము నాలుగున్నర. మోహర్లీలో కుక్క కూడా లేవలేదు గానీ గేటు దగ్గర జిప్సీలు బారులు తీరాయి. టీ బండి దగ్గర ఆవిరి. కిటికీలో పర్మిట్, ఆధార్ ఇస్తారు. లోపలున్న మనిషి టార్చి వేసి మొహం చూస్తాడు, పేరు చూస్తాడు, ముద్ర వేస్తాడు. ఫోన్లు కోర్‌లోకి రానివ్వరు. కెమెరా ఉంటే సరే. ఫోను గదిలో వదిలేసి వచ్చిన మీ అమ్మాయి చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

గైడ్ ఎక్కుతుంది. పాతికేళ్ళుంటాయి, మోహర్లీ పిల్లే. ఖాకీ చొక్కా, మెడ చుట్టూ తడి గుడ్డ. "కాకా, మీరు ముందు సీటులో కూర్చోండి, వెనక కుదుపు ఎక్కువ," అంటుంది నాన్నతో మరాఠీ యాస హిందీలో. వెలుతురు ఇంకా రాలేదు. ఐదున్నర ప్రాంతంలో గేటు లేస్తుంది.

మొదటి పావుగంట చల్లగా ఉంటుంది, నమ్మండి. మే నెలలో ఆ చలి కోసమే ఉదయం సఫారీ తీసుకోవాలనిపిస్తుంది. తారు రోడ్డు పక్కన రాతి స్తంభాలు వరసగా కనిపిస్తాయి. గోండు రాజుల కాలం నాటివని, తాళ్ళు కట్టి గంటల మోతతో కబురు పంపేవారని ఇక్కడివాళ్ళు చెబుతారు. జిప్సీ మట్టి బాటలోకి తిరుగుతుంది. అటూ ఇటూ టేకు, కింద వెదురు పొదలు. మధ్యలో తెల్లగా ఒంటరిగా తపసి చెట్టు, ఒంటి మీద ఒక్క ఆకు లేదు. ఆ పక్కన నల్లమద్ది, బెరడు అచ్చం మొసలి వీపు. దాని మొద్దులో నీళ్ళు నిల్వ ఉంటాయని, ఎండాకాలం అడవిలో దాహమైతే పాతకాలం వాళ్ళు దాన్నే వెతికేవారని గైడ్ చెబుతుంది. ఎక్కడికి వెళ్ళినా మాట నీటి దగ్గరికే వస్తోంది.

డ్రైవరు ఇంజను ఆపుతాడు. ఎందుకో మీకు తెలియదు. నిశ్శబ్దం చెవుల్లో హోరుమంటుంది. చాలా దూరం నుంచి కొండముచ్చు దగ్గినట్టు ఒక అరుపు, ఒక్కసారే. గైడ్ చెయ్యెత్తుతుంది. ఇంకోసారి వస్తుందేమోనని అందరూ ఊపిరి బిగబడతారు. రాలేదు. "కొండముచ్చు చిరుతకూ అరుస్తుంది, ఊరకనే బెదిరి కూడా అరుస్తుంది. చుక్కల జింక కూడా అంతే. కణితి అరిచిందంటే మాత్రం నమ్మాలి," అంటుంది. నాన్న తల ఊపుతాడు. గనిలో పైకప్పు చప్పుడు వినడం నేర్చుకున్న చెవులు ఆయనవి. ఎవరి మాట ఎంత నమ్మాలో లెక్క కట్టడం ఆయనకు నచ్చింది.

జామ్నీ దగ్గర అడవి తెరుచుకుంటుంది. విశాలమైన గడ్డి మైదానం, జింకలు, మూడు అడవి దున్నలు. బాగుంది. కానీ మధ్యలో మామిడి చెట్లెందుకున్నాయి? ఈత చెట్టు పక్కన ఆ బావి గట్టేమిటి? కొన్నేళ్ళ కిందటి వరకూ ఇది ఊరు. నవేగావ్ కూడా అంతే. పులుల కోసం మనుషులు లేచి బయటికి వెళ్ళారు, దుక్కి నేలలో గడ్డి మొలిచింది, గడ్డికి జింకలు, జింకలకు పులి. నేషనల్ పార్కు అనే మాట వెనక ఇలాంటి ఇళ్ళ పునాదులు చాలా ఉంటాయి. 1955లో పార్కుగా ప్రకటించినప్పుడు తాడోబా 116.55 చదరపు కిలోమీటర్లు. 1986లో అంధారీ అభయారణ్యం వచ్చింది. రెండూ కలిసిన టైగర్ రిజర్వ్‌కు ఇప్పుడు కోర్ ఒక్కటే 625 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. చుట్టూ ఉన్న బఫర్ అంతకంటే పెద్దది, అందులో ఊళ్ళున్నాయి.

పాంఢర్‌పౌనీ. మాయ అనే ఆడపులి ఏళ్ళ తరబడి ఏలిన చోటు. నీటి ఒడ్డున ఈ పొద్దున పులి లేదు. అప్పుడే వచ్చిన రేచుకుక్కల గుంపు, ఇటుక రంగు ఒళ్ళు, నల్ల తోకలు. నీళ్ళలో దిగి, తాగి, ఒకదాన్నొకటి తోసుకుని, వచ్చినంత వేగంగా వెళ్ళిపోతాయి. పక్క జిప్సీలో ఒకాయన "పులి లేదా, పోనీయ్" అని డ్రైవర్ని తొందరపెట్టి ముందుకు పోయాడు, అవి నీళ్ళలో ఉండగానే. రేచుకుక్కల్ని అంత దగ్గరగా చూడటం పులిని చూడటం కంటే అరుదైన అదృష్టమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తాడోబా చెరువు దగ్గర జిప్సీ నెమ్మదిస్తుంది. ఎండాకాలంలోనూ ఎండని చెరువు, మొసళ్ళ చెరువు. ఒడ్డున తారు అనే దేవుడి గుడి. గోండు ఊరి పెద్ద తారు పులితో పోరాడి చనిపోయాడని, ఆయనే దేవుడై ఈ అడవికి తన పేరిచ్చాడని గోండుల కథ. పుష్య మాసంలో ఆదివాసీలు ఇక్కడికి జాతరకు వస్తారు. గైడ్ సీటులోంచే రెండు చేతులూ జోడిస్తుంది. నాన్న కూడా జోడించాడు. ఎవరి దేవుడని అడగలేదు.

తొమ్మిదిన్నరయ్యేసరికి ఎండ భుజాల మీద చురుక్కుమంటోంది. బయటికి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా ఏం చేయాలో ఏ ట్రావెల్ ప్యాకేజీలోనూ రాయరు. గదిలో కూలరు తిరుగుతుంటే పడుకోవచ్చు. నాన్న పడుకోడు. ఊళ్ళోకి వెళదామంటాడు. వీధిలో వసారాల నీడన ఆడవాళ్ళు తునికాకు కట్టలు కడుతున్నారు. ఆకు మీద ఆకు పేర్చి, నారతో బిగించి, పక్కకు విసురుతున్నారు. ఆ వేగం చూసి మీ అమ్మాయి నోరు తెరిచింది. ఆదిలాబాద్ వైపు నాన్న చిన్నప్పుడు చూసిన పనే ఇది. చేతిలోకి ఒక ఆకు తీసుకుని వెనక్కి తిప్పి చూసి, "మంచి ఆకు," అంటాడు తెలుగులో. వాళ్ళకు అర్థమైంది.

పొద్దున్నే లేచి, గుంపుగా వెళ్ళి, వంగి కోసుకొచ్చిన ఆకు ఇది. తునికి మొక్క మోకాలి ఎత్తుంటుంది. వంగి ఉన్న మనిషి పులి కంటికి మనిషిలా కనిపించదంటారు. ఏటా వేసవిలో ఇప్పపువ్వు ఏరడానికి, తునికాకు కోతకు వెళ్ళినవాళ్ళు పులి వాత పడుతున్న జిల్లా ఇది. మనకు మంచి సీజన్ ఏ నెలల్లో ఉందో, వాళ్ళకు చావు భయం సరిగ్గా ఆ నెలల్లోనే ఉంది. మనం పులి కోసం నీళ్ళ దగ్గరికి వెళ్ళే పూటే వాళ్ళు ఆకు కోసం పొదల్లోకి వెళతారు. మనకు జిప్సీ ఉంది, డ్రైవరున్నాడు, గైడ్ ఉంది. వాళ్ళకు పక్కన ఇంకో మనిషి ఉంటే ఉన్నట్టు.

"ఇంట్ల ఒక్కరికన్న గైడు పని దొరికితే ఆకుకు పోవుడు తప్పుతది," అంటాడు నాన్న గదికి నడుస్తూ. నిజమే. అందుకే ఊరివాళ్ళు నడిపే హోమ్‌స్టేలో దిగారు మీరు. కూలరు కాస్త చప్పుడు చేస్తుంది, జొన్నరొట్టె, పిట్ల మాత్రం బ్రహ్మాండం.

మధ్యాహ్నం సఫారీ. జిప్సీ రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. తలకు తడి తువ్వాలు, స్టీలు సీసాలో ఉప్పు వేసిన మజ్జిగ. లేత రంగు నూలు బట్టలు తప్ప ఇంకేం వేసుకున్నా ఇక్కడ పశ్చాత్తాపమే. బాట పొడుగునా దుమ్ము, రేల చెట్ల పచ్చని గుత్తులు. ఎక్కడో నవరంగ్ పిట్ట రెండు స్వరాల ఈల. వానలకు ముందే గూడు కట్టుకోవడానికి ఈ అడవికి వస్తుందది.

కణితి అరిచింది. కంచు మోగినట్టు, ఒక్కటే దెబ్బ. మళ్ళీ ఒకటి. గైడ్ డ్రైవరు భుజం తట్టడానికి ముందే బండి కదిలింది.

సోలార్ పంపుతో నింపే చిన్న మడుగు. గట్టు మీద వెదురు నీడ. మొదట మీకు నీళ్ళే కనిపిస్తాయి. మీ అమ్మాయి వేలు చూపించదు, చూపించొద్దని గైడ్ ముందే చెప్పింది. మీ చేతిని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. నీడలోంచి ఆడపులి లేస్తుంది. నాలుగడుగులు వేసి మడుగు అంచున ఆగి, వెనక్కి తిరిగి, తోక ముందుగా, నడుము తర్వాత, మెల్లగా నీళ్ళలోకి కూర్చుంటుంది. మొహం మీద నీళ్ళు చిందడం పులులకు ఇష్టముండదు, అందుకే ఇలా వెనక్కి దిగుతాయి. గడ్డం దాకా మునిగి కళ్ళు సగం మూస్తుంది. దాని డొక్క ఎగిరిపడటం మీకు తెలుస్తోంది. నీళ్ళ మీద చిన్న అల మీ వైపు వచ్చి ఆగింది.

ఐదు నిమిషాలు. తర్వాత దుమ్ము లేపుతూ ఇంకో జిప్సీ. ఇంకోటి. బళ్ళు వరస కడతాయి. వెనకవాళ్ళకు కనిపించడం లేదు, ముందుకు జరపమని డ్రైవర్ని పీకుతున్నారు. ఒకరు సీటు మీద నిలబడ్డారు. పులి కళ్ళు తెరిచింది. చెవులు వెనక్కి వెళ్ళాయి. 2024 డిసెంబరు 31న, ఇక్కడికి దూరం కాని ఉమ్రేడ్ కర్హాండ్లా అభయారణ్యంలో జిప్సీలు ముందూ వెనకా చేరి ఒక ఆడపులికీ దాని పిల్లలకూ దారి లేకుండా చేశాయి. బాంబే హైకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే చేపట్టింది, డ్రైవర్లకూ గైడ్లకూ శిక్షలు పడ్డాయి. వెనక సీట్లలో కూర్చున్నవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ గుర్తు లేవు.

మీ గైడ్ డ్రైవరుతో ఒక్క మాట చెబుతుంది. అతను బండిని వెనక్కి తీస్తాడు, మడుగుకూ పొదకూ మధ్య దారి ఖాళీ అయ్యేదాకా. మీకు ఇప్పుడు పులి చెవులు, కాస్త నుదురు మాత్రమే కనిపిస్తున్నాయి. అమ్మాయి మొహం చిన్నబోయింది.

"దాని నీళ్ళు అది తాగనీ, బిడ్డా," అంటాడు తాత. "మధ్యాహ్నమంత ఆకు కట్టినోళ్ళను చూసినం గద. అది ఇక్కడ సల్లగ కూసుంటె ఊరి దిక్కు రాదు."

ఆయన లెక్క పూర్తిగా సరైందని చెప్పలేను. పులి ఊరి వైపు రావడానికి కారణాలు చాలా ఉంటాయి, పిల్లపులులకు చోటు చాలకపోవడం అందులో మొదటిది. కానీ ఎండాకాలంలో అడవి లోపల మడుగులు నింపి ఉంచడం వెనక ఉన్న ఆలోచన కొంతవరకు అదే.

మీ తాడోబా ప్లానులో తేదీలు ముందు చూసుకోండి. వానాకాలంలో, జూలై మొదలు సెప్టెంబరు ఆఖరు దాకా, కోర్ మూసేస్తారు. అప్పుడు తెరిచి ఉండే బఫర్ గేట్లు కొన్ని ఉంటాయి, పచ్చదనం కావలసినవాళ్ళకు అవి మేలు. పులే కావాలంటే ఏప్రిల్, మే. పసిపిల్లలు, గుండె జబ్బులున్న పెద్దవాళ్ళు ఉంటే ఫిబ్రవరికి జరుపుకోండి, పులి కనిపించే అవకాశం కాస్త తగ్గినా ప్రాణానికి హాయి. ఒరిజినల్ గుర్తింపు కార్డు మరవకండి. గది, గేటు ఒకే ఊళ్ళో ఉండేట్టు చూసుకోండి, వీలైతే ఊరివాళ్ళ ఇంట్లోనే. పులి కనిపించాక డ్రైవర్ని "ఇంకొంచెం ముందుకు" అని మాత్రం అడగకండి.